రొయ్యేమో చైనాకి.. చికెనేమో మంచూరియాకి!

బ్యాక్‌లాగ్ క్లియరైనా, ఆఫర్ లెటర్ వచ్చినా, ఊరికే ఆదివారమైనా సరే.. నెల్లూరు కుర్రాళ్ల గ్రూపులో మొదట పడే మెసేజ్ ‘చైనీస్‌కి పోదామా?’ అనే. సాయంత్రం ఆరు దాటిందంటే మాగుంట లేఅవుట్ నుంచి వేదాయపాలెం దాకా ఏ సెంటర్లో చూసినా కడాయి మీద గరిటె చప్పుడే. ఫ్రైడ్‌రైస్, నూడుల్స్, మంచూరియా, మోమోలు.. ఏది కావాలంటే అది. కానీ ఒక్కసారి మెనూ కార్డు చేతిలోకి తీసుకుని లెక్కపెట్టండి. చికెన్‌తో ఎన్ని ఐటమ్స్ ఉన్నాయి? రొయ్యతో ఎన్ని ఉన్నాయి? చాలాచోట్ల చికెన్‌కి పేజీ నిండా చోటుంటే, రొయ్యకి అడుగున రెండు మూడు లైన్లు. పక్కన అన్నిటికంటే పెద్ద రేటు.

రొయ్యలు దొరకని ఊరైతే సరేలే అనుకోవచ్చు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు, అల్లూరు.. మన తీరం వెంట ఎటు బండి తిప్పినా రొయ్యల గుంటలే. అక్కడ పట్టిన సరుకు ఐసు వేసుకుని ప్రాసెసింగ్ ప్లాంటుకి, అటునుంచి అటే అమెరికాకి, చైనాకి, జపాన్‌కి వెళ్లిపోతోంది. మన రొయ్య చైనా ప్రయాణం కడుతుంటే, చైనా పేరు పెట్టుకున్న వంటకం మాత్రం మన దగ్గర చికెన్‌తో నడుస్తోంది. ఏంది ఈ లెక్క అని మీకెప్పుడైనా అనిపించిందా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని మన చుట్టూ ఉన్న ఏషియన్ రెస్టారెంట్లు నాలుగు తిరగండి. కడుపు నిండటంతో పాటు ఒక వ్యాపారం ఎలా నడుస్తుందో, అందులో మీకు చోటెక్కడుందో కూడా తెలుస్తుంది.

అసలు ఈ ‘చైనీస్’ ఎవరిది?

ముందు ఒక అపోహ తీసేద్దాం. మనం తినే చైనీస్‌ని చైనాలో వెతికితే దొరకదు. దాని అడ్రస్ కోల్‌కతా. 18వ శతాబ్దం చివరి నుంచి చైనీయులు అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వాళ్లలో హక్కా తెగవాళ్లు ఎక్కువగా తోలు పరిశ్రమలోకి వెళ్లారు. టిరెట్టా బజార్, టాంగ్రా అనే పేటలు వాళ్లవే. ఇంట్లో వండుకునే నూడుల్స్‌కి మన పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి తోడయ్యాయి. ‘హక్కా నూడుల్స్’ అన్న పేరు ఆ తెగ నుంచి వచ్చిందే.

మంచూరియా కథ ఇంకా తమాషా. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్, 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో పనిచేస్తూ దీన్ని తయారుచేశాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి.. ఇక్కడిదాకా మన కూరే. గరం మసాలా వేయాల్సిన చోట సోయాసాస్ వేసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. అంతే! మంచూరియా అనే ప్రాంతానికీ ఈ వంటకానికీ చుట్టరికం పేరు వరకే. ఇక చైనీస్ స్టార్టర్స్ కింద కనిపించే చికెన్ 65 అయితే మన పక్కనే, చెన్నైలోని బుహారీ హోటల్లో పుట్టిందన్నది ఎక్కువమంది చెప్పే మాట. మోమోలు టిబెట్, నేపాల్ వంటిళ్ల నుంచి కొండలు దిగి వచ్చాయి.

రొయ్య కూడా అలాంటిదే. ఇప్పుడు మన గుంటల్లో ఎక్కువగా పెరిగే వెనామీ ఈ సముద్రపుది కాదు. మెక్సికో నుంచి పెరూ వరకు ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. మన దేశంలో దాని సాగుకి 2009లో అనుమతి వచ్చింది. అంతకుముందు మన రైతులు పెంచింది టైగర్ రొయ్య. తెల్లమచ్చ తెగులు దాన్ని చావుదెబ్బ తీసింది. ఆ తర్వాత వచ్చిన వెనామీ పదిహేనేళ్లలో మన ఊరి పేరే అయిపోయింది. బయటి నుంచి వచ్చినదాన్ని మనది చేసుకోవడం నెల్లూరుకి కొత్తేం కాదు. నూడుల్స్‌ని చేసుకున్నాం, వెనామీని చేసుకున్నాం. ఆ రెండింటినీ కలపడమే మిగిలింది.

బండి దగ్గర ఓపెన్ కిచెన్

పెద్ద హోటళ్లలో ‘లైవ్ కౌంటర్’ అని గొప్పగా చెబుతారు. మన ఫాస్ట్‌ఫుడ్ బండి ఎప్పటి నుంచో లైవే! ఆర్డరిచ్చి ఫోన్ చూస్తూ నిలబడకుండా, ఆ ఐదు నిమిషాలు మాస్టర్ చేతుల్ని చూడండి. ఇంజినీరింగ్ చదివినవాడిగా నాకు అదొక ప్రొడక్షన్ లైన్‌లా కనిపిస్తుంది.

అన్నం ముందే వండి, ఆరబెట్టి పెడతారు. వేడి అన్నం వేస్తే ముద్దయిపోతుంది, ఆరిన అన్నం అయితే మెతుకు మెతుకూ విడిపోతుంది. ఉల్లిపాయ, క్యాబేజీ, క్యారెట్ ముందే తరిగి ఉంటాయి. సాసులు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒకే వరుసలో ఉంటాయి. మంట పెద్దది, పని చిన్నది. రెండు మూడు నిమిషాల్లో ప్లేటు బయటికి రావాలి. ఏడింటి నుంచి పదింటి వరకు ఉండే రద్దీలో ఒక్కో ప్లేటుకి ఒక్క నిమిషం ఎక్కువ పట్టినా, రాత్రయ్యేసరికి ఎన్ని ప్లేట్లు తగ్గుతాయో మీరే లెక్కేయండి. మేనేజ్‌మెంట్ క్లాసులో ‘బాటిల్‌నెక్’ అని చెప్పింది ఇదే.

ఇంకొన్ని కూడా గమనించండి. సిలిండర్ ఏ రంగుది? హోటళ్లకి వాడాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండర్. ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండర్‌తో వ్యాపారం చేయడం నేరం. నూనె రంగు చూడండి. వాడిన నూనెలో ‘టోటల్ పోలార్ కాంపౌండ్స్’ 25 శాతం దాటితే ఇక దాన్ని వంటకి వాడకూడదని ఫుడ్ సేఫ్టీ సంస్థ 2018 నుంచి నిబంధన పెట్టింది. ఆ మీటరు మన దగ్గర ఉండదు కాబట్టి నల్లబడటం, నురగ, జిగురు, మండే వాసన.. వీటినే గుర్తులుగా పెట్టుకోవాలి. బండి మీదో, గోడ మీదో 14 అంకెల ఫుడ్ సేఫ్టీ నంబరు ఉందా? ఉంటే ఆ యజమాని రేపటి గురించి కూడా ఆలోచిస్తున్నాడని అర్థం.

ఇక మంచూరియా ఎర్రదనం. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించింది. పీచుమిఠాయిలో రోడమిన్-బి వాడకాన్నీ ఆపేసింది. బట్టలకు వేసే రంగు అది. ప్లేటు తుడిస్తే టిష్యూ పేపర్ గులాబీ రంగులోకి మారుతోందంటే అక్కడ ఆగండి. ‘అన్నా, రంగు వెయ్యకుండా చెయ్యి’ అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పదిమంది అడిగితే పదకొండో రోజు మాస్టరే మానేస్తాడు.

టేస్టింగ్ సాల్ట్ గురించి కూడా ఒక మాట. దాని వెనకున్న శాస్త్రం 1908 నాటిది. జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి ఆ రుచిని వేరు చేసి, ‘ఉమామి’ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే అజినోమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది. టమాటాలో సహజంగానే ఉండే గ్లుటమేట్ ఇందులోనూ ఉంటుంది. విషమని భయపడాల్సిన పనీ లేదు, గుప్పిళ్లతో వేయాల్సిన పనీ లేదు. సరుకు తాజాగా ఉంటే చిటికెడు చాలు.

ఏసీ హాల్లో మెనూ చదవడం ఎలా?

బండి నుంచి ఒక మెట్టు ఎక్కితే ఫ్యామిలీ రెస్టారెంట్. ఇక్కడ మీరు డబ్బు కట్టేది ప్లేటుకే అనుకుంటే పొరపాటు. ఏసీకి, అద్దెకి, పార్కింగ్‌కి, యూనిఫామ్‌కి, గంటసేపు కూర్చునే కుర్చీకి కూడా కడుతున్నారు. హోటల్ రంగంలో పాత లెక్క ఒకటుంది. ముడిసరుకు ఖర్చు అమ్మకం ధరలో మూడో వంతు దగ్గర ఉండాలి. మిగిలిన రెండు వంతుల్లోంచే జీతాలు, అద్దె, కరెంటు, గ్యాస్, లాభం అన్నీ రావాలి. మెనూలో ఏ ఐటమ్ చూసినా ధరని మూడుతో భాగించి, ‘ఇంతలో ఇది వండొచ్చా?’ అని ఆలోచించండి. వెజ్ నూడుల్స్‌లో లాభం ఎందుకెక్కువో, మటన్ ఐటమ్స్ ఎందుకు తక్కువో ఇట్టే తెలిసిపోతుంది.

బిల్లు కూడా చదవండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ చార్జ్ మాత్రం పన్ను కాదు. దాన్ని కస్టమర్ మీద తప్పనిసరిగా రుద్దకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. సర్వర్ బాగా చూసుకుంటే టిప్పు చేతికే ఇవ్వండి. గట్టిగా వాదించక్కర్లేదు, మర్యాదగా అడిగితే తీసేస్తారు.

గ్రూపులో శాకాహారులుంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పేరులో ‘వెజ్’ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆయిస్టర్ సాస్‌ని ఆల్చిప్పల నుంచి చేస్తారు. థాయ్ కూరల్లో చేపసాస్ పడుతుంది. జపాన్ సూపులకు ఆధారమైన ‘దాషి’ని తరచూ ఎండబెట్టిన చేపతో కాస్తారు. ఎవరికైనా రొయ్య పడదంటే, ఆ ఐటమ్ మానేయడంతో సరిపెట్టకుండా కడాయి కూడా వేరేది వాడమని ముందే చెప్పండి. అలర్జీ సరదా కాదు.

పులుసు తెలిసిన నాలుకకి థాయ్ కష్టమా?

చైనీస్ దాటి కొంచెం ముందుకెళ్లాలనుకుంటే మొదట థాయ్ ప్రయత్నించండి. ‘టామ్ యమ్ కుంగ్’ అనే సూప్ ఉంటుంది. ‘కుంగ్’ అంటే రొయ్యే! నిమ్మగడ్డి, గలంగల్ అనే అల్లం జాతి దుంప, నిమ్మ జాతి చెట్టు ఆకులు, మిరపకాయలు, చేపసాస్, నిమ్మరసం.. పులుపు, కారం, ఉప్పు మూడూ నాలుకని ఒకేసారి తాకుతాయి. 2024 డిసెంబరులో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చింతపండు పులుపు, మామిడికాయ ముక్కలు, మిరప కారంతో చేపల పులుసు తిని పెరిగిన మనకి ఈ రుచి పరాయిది కాదు. పులుపు దేనితో తెస్తారన్నదే తేడా. మన చేపల పులుసుకి దేశంలో పేరుంది కానీ, థాయ్‌వాళ్లు తమ సూప్‌ని ప్రపంచమంతా మెనూల్లోకి ఎక్కించారు. వంటకం గొప్పదైతే చాలదు, దాన్ని మోసుకెళ్లేవాళ్లు కావాలి.

జపనీస్ అంటే పచ్చి చేపేనని భయపడేవాళ్లు ‘ఎబి టెంపురా’తో మొదలుపెట్టండి. ఎబి అంటే మళ్లీ రొయ్యే! పల్చటి పిండిలో ముంచి వేయిస్తారు. బజ్జీకి దూరపు చుట్టం అనుకోండి. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ద్వారా జపాన్‌కి చేరిన పద్ధతి అది. మనకి మిరపకాయ తెచ్చినవాళ్లూ వాళ్లే కదా!

నెల్లూరులో జపనీస్ ఎందుకు అంటారా? హైవే మీద చెన్నై వైపు వంద కిలోమీటర్లకు పైగా వెళ్తే తడ వస్తుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారేవరకు తడ నెల్లూరు జిల్లాలోదే. దాని పక్కనే శ్రీసిటీ. ఇసుజు, డైకిన్, కొబెల్కో, యూనిచార్మ్.. జపాన్ కంపెనీలు అక్కడ వరుసగా ఉన్నాయి. ఇంకొంచెం ముందుకెళ్తే చెన్నై, 1990ల చివరి నుంచి హ్యుందాయ్ కార్లు తయారవుతున్న ప్రాంతం. జపాన్, కొరియా ఉద్యోగుల కోసం మొదలైన రెస్టారెంట్లు ఇప్పుడు చెన్నైలో మనవాళ్లకీ అలవాటయ్యాయి. మన కాలేజీల నుంచి ఏటా ఎంతోమంది ఆ ఫ్యాక్టరీల్లో చేరుతున్నారు. రేపు మీరు చేరితే, జపాన్ మేనేజర్‌తో ఒకే టేబుల్ మీద భోంచేయాల్సి రావచ్చు. అప్పుడు పనికొచ్చేవి రెండు. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చొద్దు. వాళ్లకది చావు ఇంట చేసే పని. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించొద్దు. అదీ అంత్యక్రియల ఆచారాన్నే గుర్తుచేస్తుంది. చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాకపోతే నవ్వుతూ స్పూన్ అడగండి. ఎవరూ తప్పు పట్టరు. ఆ భాష మీద ఆసక్తి పుడితే జేఎల్‌పీటీ పరీక్ష ఉంది. ఎన్5 నుంచి ఎన్1 వరకు ఐదు స్థాయులు, చెన్నైలో కేంద్రం ఉంది.

మరి రొయ్య ఎందుకు వెనకబడింది?

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. టామ్ యమ్‌లో రొయ్య, టెంపురాలో రొయ్య, చైనా వంటిళ్లలో రొయ్య. ఆసియా అంతా రొయ్యని నెత్తిన పెట్టుకుంటే, రొయ్య పండే నెల్లూరు బండి మీద అది ఎందుకు లేదు?

కారణం రుచి కాదు, సప్లై. చికెన్ షాపు ప్రతి వీధిలో ఉంది. బండి యజమానికి రోజుకి రెండు మూడు కిలోలు కావాలి. ఫోన్ చేస్తే బోన్‌లెస్ కొట్టించి ఇస్తారు. రొయ్య అలా కాదు. సీడ్ వేసిన మూడు నాలుగు నెలలకి పట్టుబడి వస్తుంది. ఒక్క గుంటలోనే టన్నుల లెక్కన సరుకు ఒకేసారి బయటపడుతుంది. వెంటనే ఐసులో పెట్టకపోతే తల నల్లబడుతుంది. ఆ హడావుడిలో రైతు చూసేది మొత్తం సరుకు ఒకేసారి కొనే కంపెనీ వైపే. రెండు కిలోలడిగే ఫాస్ట్‌ఫుడ్ అన్న ఆ లెక్కలో ఎక్కడా లేడు. ఒకవేళ తెచ్చుకున్నా తల తీయాలి, పెంకు ఒలవాలి, నరం లాగాలి. రద్దీ టైములో అంత ఓపిక ఎవరికుంది?

రెండో కారణం ధర మీద ఉన్న భయం. ఇక్కడ ‘కౌంట్’ తెలియాలి. తీరంలో పెరిగినవాళ్లకి ఇది చంటప్పటి నుంచి వినే మాట. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 50 కౌంట్ అంటే కిలోకి 50, ఒక్కోటి 20 గ్రాములు. 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములు. కౌంట్ పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. తల, పెంకు తీస్తే మిగిలేది సుమారు సగం.

ఇప్పుడు ఒక ప్లేటు ఫ్రైడ్‌రైస్ లెక్క వేద్దాం. రేట్లు రోజూ మారతాయి కాబట్టి ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు. ఈ వారం రేట్లు పెట్టి మీరే మళ్లీ వేసుకోండి. అన్నం, గుడ్డు, కూరగాయలు, నూనె, సాసులకి 25 రూపాయలు అనుకుందాం.

చికెన్: బోన్‌లెస్ కిలో 350 అనుకుంటే, ప్లేటుకి 100 గ్రాములు వేస్తే 35. మొత్తం 60. మూడో వంతు సూత్రం ప్రకారం అమ్మకం ధర 180.

పెద్ద రొయ్య: 50 కౌంట్ కిలో 400 అనుకుంటే, ఎనిమిది రొయ్యలకి 160 గ్రాములు, 64 రూపాయలు. శుభ్రం చేసే కూలీ, ఐసుకి 10. మొత్తం 99. అమ్మకం ధర దాదాపు 300. ఎవరు కొంటారు?

చిన్న రొయ్య: 100 కౌంట్ కిలో 250 అనుకుంటే, పన్నెండు రొయ్యలకి 120 గ్రాములు, 30 రూపాయలు. శుభ్రానికి, ఐసుకి 10. మొత్తం 65. అమ్మకం ధర 195.

చూశారా? చిన్న కౌంట్ వాడితే రొయ్య ప్లేటు చికెన్ ప్లేటు పక్కకి వచ్చేసింది. ఫ్రైడ్‌రైస్‌కి, నూడుల్స్‌కి పెద్ద రొయ్య అవసరం కూడా లేదు. చిన్నదైతే రెండు నిమిషాల్లో ఉడుకుతుంది, ప్రతి ముద్దలోనూ తగులుతుంది. ఎక్కువసేపు వేయిస్తే రబ్బరులా సాగుతుంది, అదొక్కటి మాస్టర్‌కి తెలిస్తే చాలు. తెగులు భయంతో రైతు ముందే పట్టేసినప్పుడు బయటికొచ్చేది కూడా ఇలాంటి చిన్న కౌంట్ సరుకే. ఆ రోజున అతనికి ఊళ్లోనే కొనేవాడుంటే ఎంత ఊపిరి పీల్చుకుంటాడో ఆలోచించండి.

గుంట గట్టు మీద ఉన్న కష్టం

ఇది రుచుల ముచ్చట దగ్గర ఆగే విషయం కాదు. 2024-25లో మన దేశం దాదాపు 17 లక్షల టన్నుల మత్స్య ఉత్పత్తులు ఎగుమతి చేసి 62,408 కోట్ల రూపాయలు సంపాదించింది. అందులో సింహభాగం గడ్డకట్టించిన రొయ్యది. రొయ్యల సాగులో మన రాష్ట్రమే ముందుంది. కొనేవాళ్లలో అమెరికా ఒకటో స్థానంలో, చైనా రెండో స్థానంలో ఉన్నాయి. బుట్టలో గుడ్లన్నీ ఒకచోటే ఉన్నాయన్నమాట. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు, ఆ దెబ్బ వాషింగ్టన్ నుంచి నేరుగా మన గుంట గట్టు మీదకొచ్చి పడింది. మేత రేటు తగ్గదు, కరెంటు బిల్లు ఆగదు, కొనే రేటు మాత్రం పడిపోతుంది. దేశంలోనే రొయ్యల వాడకం పెంచాలన్న మాట అప్పటి నుంచి గట్టిగా వినబడుతోంది. సుంకాలు రేపు ఎలా మారినా, ఆ మాటలోని నిజం మారదు. బయటి దేశం తుమ్మితే మన రైతుకి జలుబు చేయకూడదంటే, ఇంటి దగ్గర కొనేవాళ్లుండాలి.

మీ క్లాసులోనే గుంటలున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్ల ఫీజు కట్టింది ఆ పట్టుబడే. ఈ లెక్క వాళ్లకి పాఠ్యపుస్తకంలో ఉదాహరణ కాదు, ఇంటి సంగతి.

ఇందులో మీకేముంది?

పని మూడు చోట్ల ఉంది.

మొదటిది, మధ్యలో తెగిపోయిన లింకు. గుంట దగ్గర టన్నులు, బండి దగ్గర కిలోలు. ఈ రెండింటి మధ్య ఒలిచి, కడిగి, ఐసులో పెట్టి, అర కిలో ప్యాకెట్లుగా సాయంత్రం నాలుగింటికల్లా బండి దగ్గర దించేవాళ్లు కావాలి. ఇరవై బండ్లు, ఒక్కోదానికి రెండు కిలోలు పట్టినా రోజుకి నలభై కిలోలు. దీనికి పెద్ద యాప్ అక్కర్లేదు. ఒక వాట్సాప్ గ్రూపు, ఒక స్ప్రెడ్‌షీటు, మంచి ఐస్ బాక్సులు, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్, మాట మీద నిలబడే గుణం. యాప్ తర్వాతైనా రాయొచ్చు. టైముకి రాని సరుకుని ఏ యాప్ కూడా కాపాడలేదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ‘సిఫ్ట్’, దాని విశాఖ కేంద్రం చేపలు, రొయ్యలతో విలువ జోడించిన ఉత్పత్తుల తయారీలో శిక్షణ ఇస్తాయి. ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఇంకో దారి ఉంది. ముత్తుకూరులోనే ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది, నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ చదవొచ్చు. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ బీటెక్ ఉంది.

రెండోది, కడాయి ముందు నిలబడటం. చైనీస్ మాస్టర్ అంటే నేపాల్ నుంచో, బెంగాల్ నుంచో, ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లే అనుకోవడం మనకి అలవాటైపోయింది. వాళ్లు ఊరు కాని ఊరు వచ్చి నేర్చుకుని నిలబడ్డారు. ఆ పని మనవాళ్లు నేర్చుకోకూడదని ఎక్కడా లేదు. పద్ధతిగా చదవాలంటే ఇంటర్ తర్వాత ఎన్‌సీహెచ్ఎం జేఈఈ రాసి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేరొచ్చు. మనకి దగ్గర్లో తిరుపతిలో రాష్ట్ర హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కేంద్ర పర్యాటక శాఖ పెట్టిన ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ కూడా తిరుపతిలోనే ఉంది. ఒక్క మాట ముందే చెప్పాలి. ఇది సులువైన ఉద్యోగం కాదు. నిలబడి చేసే పని, పండగ రోజే ఎక్కువ పని, మొదట్లో జీతం తక్కువ. చేతిలో విద్య మాత్రం ఏ దేశంలోనైనా చెల్లుతుంది. క్రూయిజ్ షిప్ నుంచి గల్ఫ్ హోటల్ దాకా ఏషియన్ వంట తెలిసినవాళ్లని అడుగుతూనే ఉంటారు.

మూడోది, సొంత బండి. వీధి వ్యాపారుల కోసం పీఎం స్వనిధి పథకం ఉంది. 2025లో మార్చిన నిబంధనల ప్రకారం మొదటి విడత 15 వేలు, సక్రమంగా కడితే రెండో విడత 25 వేలు, మూడోది 50 వేలు. ఇంకాస్త పెద్దగా మొదలుపెట్టాలంటే ముద్ర రుణాల్లో శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు దొరుకుతుంది. అప్పు తీసుకునే ముందు మీరు అమ్మబోయే ఐటమ్‌కి పైన వేసినట్టు ప్లేటు లెక్క వేయండి. డెలివరీ యాప్‌లో పెట్టాలనుకుంటే కమీషన్, ప్యాకింగ్, డిస్కౌంటు మూడూ తీసేసి మళ్లీ వేయండి. రెండో లెక్కలో లాభం కనబడకపోతే, ఎన్ని ఆర్డర్లొస్తే అంత నష్టం. ఆ లెక్క కాగితం మీద తేలకపోతే బండి మీద అసలే తేలదు.

నాలుగు ఆదివారాలు చాలు

చదివి వదిలేయకుండా ఒక నెల ఇలా చేసి చూడండి. ఖర్చు మీరు ఎలాగూ పెట్టే ట్రీట్ డబ్బే.

మొదటి ఆదివారం మీ వీధి చివర బండి. ఏడింటికి వెళ్లి గంటసేపు ఉండండి. ఎన్ని ప్లేట్లు వెళ్లాయో, దేనికి ఎక్కువ గిరాకీ ఉందో రాసుకోండి.

రెండో ఆదివారం ఫ్యామిలీ రెస్టారెంట్. మెనూ ఫొటో తీసుకుని ధరని మూడుతో భాగించే ఆట ఆడండి. రొయ్య ఐటమ్ ఒక్కటి తెప్పించి, రొయ్యలెన్ని వచ్చాయో లెక్కపెట్టండి. ఏ కౌంట్ అయి ఉంటుందో ఫ్రెండ్స్ అందరూ పందెం కాయండి.

మూడో ఆదివారం మైపాడు వైపు. బీచ్‌కి వెళ్తూ దారిలో గుంటల దగ్గర ఆగండి. గట్టు మీద ఉన్న రైతుని ‘పెద్దాయనా, ఇప్పుడు కౌంట్ ఎంతుంది? రేటెంత పలుకుతోంది?’ అని అడగండి. పట్టుబడి జరిగే రోజు తెలిస్తే తెల్లవారుజామునే వెళ్లండి. ఐసు, క్రేట్లు, కాటా, లారీ.. రెండు గంటల్లో సెమిస్టర్ అంత నేర్చుకుంటారు.

నాలుగో ఆదివారం ఇంట్లో. అర కిలో చిన్న రొయ్యలు తెచ్చి, రాత్రి మిగిలిన అన్నంతో ఫ్రైడ్‌రైస్ చేయండి. మొత్తం ఎన్ని నిమిషాలు పట్టింది, ఒలవడానికే ఎంత పట్టింది, ప్లేటుకి ఎంతయింది.. అన్నీ రాయండి. అమ్మకి మొదటి ప్లేటు పెట్టండి. నెల్లూరు అమ్మ ‘బాగుంది’ అందంటే అది ఐదు స్టార్ల రివ్యూ కిందే లెక్క.

నెల తిరిగేసరికి మీ నోట్‌బుక్‌లో ఉండేది ఏ గైడులోనూ దొరకని మార్కెట్ సర్వే. దాన్ని ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చు, ప్రాజెక్టు రిపోర్టుగా మార్చుకోవచ్చు, బ్యాంకు మేనేజర్ ముందు పెట్టొచ్చు. ఏదీ చేయకపోయినా ఒక్కటి మాత్రం చేయండి. ఈసారి ఆర్డర్ చెప్పేటప్పుడు ‘అన్నా, రొయ్యలతో ఉందా?’ అని అడగండి. లేదంటే ‘పెట్టొచ్చు కదన్నా’ అనండి. రోజూ నలుగురు అదే అడిగితే, ఐదో రోజు ఆ అన్న సరుకెక్కడ దొరుకుతుందో వెతకడం మొదలుపెడతాడు. దాన్ని తెచ్చిచ్చే కుర్రాడు మీలో ఒకరైతే ఇంకా మంచిది.